రాగం పేరు చెప్పేస్తే మెచ్చుకున్నట్టేనా?

సంగీతం నేర్చుకున్నవాళ్లు నలుగురు కూర్చున్నచోట ఎవరైనా ఓ పాత సినిమా పాట ఎత్తుకున్నారనుకోండి, పల్లవి ఒక్క ఆవర్తం తిరిగేలోపే ఎవరో ఒకరు రాగం పేరు చెప్పేస్తారు. "మోహన". పక్కాయన "మోహనే గానీ చరణంలో ఎక్కడో మోహనలో లేని నిషాద స్వరం తగుల్తోందండీ" అంటారు. ఇంకొకరికి అదే రాగంలో త్యాగరాజ కీర్తన గుర్తొస్తుంది, అక్కణ్ణుంచి మాట ఆ కీర్తన మీదకి, దాన్ని ఒకప్పుడు ఎవరు బాగా పాడేవారు అన్నదాని మీదకి వెళ్లిపోతుంది, పాట మొదలెట్టినావిడ రెండో చరణం దాకా రానేరాదు, ఏమ్మా ఆపేశావేం అని అడిగేవాళ్లు కూడా ఉండరు.

శాస్త్రీయ సంగీతం వాళ్లు సినిమా పాటని చిన్నచూపు చూస్తారు అన్నది పాత కథే, దాని గురించి అందరూ రాశారు. నాకు చాలాకాలంగా లోపల కెలుకుతున్నది వాళ్లు తిట్టడం కాదు, మెచ్చుకునే తీరు. ఎంత మనసారా మెచ్చుకున్నా రాగం పేరు పెట్టే మెచ్చుకుంటారు. "సినిమా పాటైనా అచ్చమైన కల్యాణి అండీ" అని. అంటే మావాళ్ల పోలికలు కనపడ్డాయి కాబట్టి లోపలికి రానిస్తున్నాం అన్నమాట. ఏ రాగమో తేలని పాటైతే పాపం ఎంత గొప్పదైనా గుమ్మం బయటే.

'శివశంకరీ శివానందలహరి' తీసుకోండి. 1961, జగదేకవీరుని కథ, పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం, పింగళి మాటలు, ఘంటసాల గొంతు. ఈ పాట గురించి ఏ విద్వాంసుడితో మాట్లాడినా మొదటి మాట దర్బారీ కానడ రాగం, రెండో మాట ఘంటసాల గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరు. నిజమే, రెండూ నిజమే. కానీ ఆ పాటలో పెండ్యాల చేసిన అసలు పని అది కాదు కదా అనిపిస్తుంది నాకు. గంటా రెండు గంటలు పట్టే కచేరీ ఆకారాన్ని, అంటే నెమ్మదిగా మొదలై, సాహిత్యం విచ్చుకుని, స్వరాల్లోకి జారి, జతుల్లోకి ఎగిరి, చివర ఉధృతంగా ముగిసే ఆ నడకంతా కొద్ది నిమిషాల్లోకి ఎక్కించి, ఒక్క మెట్టు కూడా తొందరపడ్డట్టు అనిపించకుండా, పైగా తెరమీద ఒక్క ఎన్టీఆరే వీణా మృదంగం అన్నీ తానై రాయిని కరిగించే దృశ్యానికి సరిపడా కట్టాడు. ఇది రాగజ్ఞానం ఒక్కదానితో అయ్యే పని కాదు. నాటకం తెలియాలి, కాలం తెలియాలి, ఎక్కడ వదిలెయ్యాలో తెలియాలి. ఈ పనికి మన సంగీత శాస్త్రంలో మెచ్చుకోలు మాటలు లేవు, అందుకని "ఆహా దర్బారీ" అనేసి ఊరుకుంటాం.

సరే, ముందు విద్వాంసుల తరఫున కూడా కాస్త మాట్లాడాలి, లేకపోతే ఇది ఉత్త అక్కసులా ఉంటుంది.

నేను గాత్రం నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు పెట్టిన మొదటి రూలు, మొదటి పాఠాలన్నీ దాటి వర్ణాల దాకా వచ్చేవరకు సినిమా పాటలు పాడకూడదు. అప్పుడు అందరికీ ఒళ్లు మండేది. కానీ దాని వెనకాల కారణం ఉంది, అది కేవలం మడి కాదు. మైకు దగ్గర పాడే గొంతు వేరు, గది చివరిదాకా వినపడాల్సిన గొంతు వేరు. సినిమా గాయకులు గాలి కలిపి, నోరు సగమే తెరిచి, మాట పెదాల మీద పెట్టి పాడతారు, మైకు దాన్ని మోస్తుంది. 'ఆ' అంటూ స్వరాలు పాడే అకార సాధన దానికి పూర్తిగా ఎదురు, నోరు విప్పి నాభి నుంచి రావాలంటారు. ఇంకా సరళీ స్వరాల్లో ఉన్న పిల్లకి రెండూ ఒకేసారి ఇస్తే ఏదీ కుదరదు. ఇంకోటి గమకం. కీబోర్డు మీద కట్టిన ట్యూన్లు ఎక్కువ వింటే స్వరాన్ని ఒక మెట్టులా చూడటం అలవాటవుద్ది, కర్ణాటకంలో స్వరం మెట్టు కాదు, తోడి రాగంలో గాంధార స్వరం ఎక్కడుందని అడిగితే ఊగుతూ ఉందని తప్ప చెప్పలేం. ఈ భయాలు నిజమైనవే. మా మాస్టారు మాత్రం ఇంటి దగ్గర సుశీల పాటలు హాయిగా వినేవారు, అది వేరే సంగతి.

కాకపోతే ఈ జాగ్రత్త ఎప్పుడో ఒకప్పుడు అధికారం అయిపోయింది. ఆలిండియా రేడియో వాళ్లు 1940లో హార్మోనియంని నిషేధించారు, దానికి గమకం పలకదని, అదీ ఒకటో రెండో ఏళ్లు కాదు, దశాబ్దాలపాటు. తర్వాత 1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక సినిమా పాటల మీద పడ్డారు. ఆయన స్వయంగా సంగీతం తెలిసినవాడు, జనం చెవులు బాగుచేద్దామన్న సదుద్దేశమే. పాటలకి కోత పెట్టారు, సినిమా పేరు చెప్తే అది ప్రకటన అవుతుందని పేరు చెప్పొద్దన్నారు, నిర్మాతలకి కోపమొచ్చి పాటలు ఇవ్వడం మానేశారు. ఏమైంది? జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పేశారు. అందులో అమీన్ సయానీ నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్ మాలా మొదలైంది కూడా అదే 1952 చివర్లో. శాస్త్రీయ సంగీతం కోసం ఖాళీ చేయించిన చెవులు సముద్రం దాటి పోయాయి. చివరికి 1957 అక్టోబర్‌లో ఆలిండియా రేడియోనే వివిధ భారతి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చే భాగం మాత్రం మన వైపు జరిగింది. అదే రేడియో విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటి వాళ్లు కూర్చుని లలిత సంగీతం, భక్తిరంజని అంటూ మధ్యలో ఒక కొత్త దారి వేశారు. అది కచేరీ కాదు, సినిమా పాటా కాదు. మంచి తెలుగు మాట, సింపుల్ ట్యూను, చక్కటి గొంతు. కేస్కర్ ఆజ్ఞలు మర్చిపోయాం గానీ పొద్దున్నే వినపడే ఆ భక్తిరంజని మర్చిపోయినవాళ్లు ఆ తరంలో తక్కువ. విద్వాంసులు తేలికపాటి సంగీతాన్ని నిషేధించే బదులు తామే చేస్తే ఎలా ఉంటుందో అది చూపించింది.

అసలు ఈ "తేలిక", "బరువు" గీత ఎప్పటిదని వెనక్కి వెళ్లి చూస్తే నవ్వొస్తుంది. ముత్తుస్వామి దీక్షితార్ అంత గంభీరమైన వాగ్గేయకారుడు ఇంకొకరు లేరంటారు కదా, ఆయనే కంపెనీ బ్యాండు వాళ్లు వాయించే ఇంగ్లీషు ట్యూన్లు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశాడు. నోటు స్వరాలు అంటాం. 'సంతతం పాహిమాం' అయితే ఏకంగా బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం ట్యూను. ఆ రోజుల్లో వీధిలో బ్యాండు వాయించేది పాపులర్ మ్యూజిక్ కాక మరేంటి? ఇప్పుడవి సంగీతం క్లాసుల్లో చిన్నపిల్లలకి నేర్పుతున్నారు, ఎవరికీ అభ్యంతరం లేదు. జావళీలు చూడండి, పచ్చి శృంగారం, కుదిపే నడక, ఆనాటి హిట్ సాంగ్సే అవి. ఇవ్వాళ కచేరీ చివర్లో జావళి పాడితే సంప్రదాయాన్ని నిలబెట్టారని చప్పట్లు. త్యాగరాజ స్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలు, దివ్యనామాలు జనం గుంపుగా పాడుకోవడానికి కట్టినవి, వాటిల్లో ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతులు ఒకదాని మీద ఒకటి ఉండవు. పున్నాగవరాళి, నాదనామక్రియ లాంటి రాగాలు జానపదంలోంచి వచ్చాయని శాస్త్రం తెలిసినవాళ్లే చెప్తారు. కర్ణాటక గాయకుడు మదురై మణి అయ్యర్ కచేరీ ముగింపులో ఇంగ్లీష్ నోటు పాడితే జనం దానికోసమే కూర్చునేవారట.

అంటే తేలిక సంగీతాన్ని తీసుకోవడంలో విద్వాంసులకి ఎప్పుడూ ఇబ్బంది లేదు, అది కాస్త పాతబడి ఉండాలి, దాన్ని కట్టినవాడు ఎవడో తెలియకుండా పోయుండాలి, అంతే. బతికున్న మ్యూజిక్ డైరెక్టర్‌తోనే చిక్కు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. టాకీలు వచ్చిన కొత్తలో విద్వాంసులు సినిమాల్లోకి పరుగెత్తారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తమిళ సినిమా సేవాసదనంలో నటించింది 1938లో, తర్వాత శకుంతలై, సావిత్రి, మీరా. శకుంతలైలో దుష్యంతుడు ఎవరనుకున్నారు, కర్ణాటక విద్వాంసుడు జి.ఎన్. బాలసుబ్రమణ్యం! ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ తుకారాంగా వేశారు. అప్పుడు తెరమీద కనపడేవాళ్లే పాడాలి కాబట్టి పాడగలిగినవాళ్లు కావాలి, పాడగలిగినవాళ్లంటే కచేరీలు చేసేవాళ్లే. ప్లేబ్యాక్ వచ్చాక నటించేవాడు వేరు, పాడేవాడు వేరు అయిపోయారు, మైకు ఇంకా సున్నితమైంది, హీరో మొహానికి అతికే గొంతు కావాల్సొచ్చింది. విద్వాంసుడి గొంతు ఏ హీరోకీ అతకదు, అది ఎవరి నోట్లో పెట్టినా విద్వాంసుడిలాగే వినపడుతుంది. అందుకని వాళ్లు నారదుడికి, ఆస్థాన గాయకుడికి, మునులకి, మంగళప్రదమైన పాటలకి మాత్రమే మిగిలారు. మాయాబజార్‌లో 'శ్రీకరులు దేవతలు' కర్ణాటక విద్వాంసురాలు ఎం.ఎల్. వసంతకుమారి పాడింది, యుగళగీతాలు ఘంటసాల, లీల పాడారు. నా లెక్కలో సినిమా పాట అంటే విద్వాంసులకి చిరాకు గట్టిపడింది ఈ కాలంలోనే. తమకి తలుపు మూసుకున్నాక ఆ ఇంట్లో ఏముందిలే అనడం మనుషులన్నాక మామూలే. అందరూ అలా అని కాదు, సుబ్బులక్ష్మి అయితే మీరా తర్వాత తనంతట తనే మానేసింది.

ఘంటసాల, సుశీల ఇద్దరూ విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లే. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పిన కాలేజీ. తెలుగు సినిమా పాట గొంతుల్లో రెండు పెద్ద గొంతులు శాస్త్రీయ సంగీతం బడిలోంచే వచ్చాయంటే సినిమా పాట దానికి పరాయిది ఎలా అవుద్ది? నారాయణదాసుగారి హరికథ మాత్రం ఏంటి, వేలమంది జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టే పాపులర్ ఆర్ట్ కాదా?

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే బొమ్మ పూర్తవదు. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ మొఘల్-ఎ-ఆజమ్ కథ మీరు వినే ఉంటారు. సినిమాకి పాడనని తప్పించుకోవడానికి పాటకి 25,000 అడిగారట, లతా, రఫీ పాటకి కొన్ని వందలు తీసుకునే రోజుల్లో. ఆ సినిమా డైరెక్టర్ కె. ఆసిఫ్ సరే అన్నాడట, ఇంక పాడక తప్పలేదు. ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆసిఫ్ పిచ్చి గురించి చెప్తారు. నాకు అందులో ఖాన్ సాహెబ్ అడిగిన తీరు ముఖ్యంగా కనపడుతుంది. ఆయన ఈ సంగీతం చెత్త అనలేదు, మీ చోట పాడాలంటే నా విలువ ఇంత అన్నాడు. అదే ఖాన్ సాహెబ్ లతా పాట వింటూ "ఈ పిల్ల ఒక్కసారి కూడా శ్రుతి తప్పదేంటి" అని ముద్దుగా తిట్టుకున్నాడని కూడా ఇంకో కథ ఉంది. ఆ స్థాయిలో ఉన్నవాళ్లకి శ్రుతి ఎక్కడున్నా వినపడుతుంది, అది ఏ స్టూడియోలో రికార్డ్ అయిందో వాళ్లకి అడ్డం రాదు.

ఇక్కడ కుమార్ గంధర్వ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను ఇందాకట్నుంచి గొణుగుతున్నదానికి ఆయనే జవాబు. హిందుస్తానీలో ఆయనెంత పెద్దవాడో చెప్పక్కర్లేదు, క్షయ వచ్చి ఊపిరితిత్తి పోగొట్టుకుని, ఏళ్ల తరబడి పాడకుండా మంచాన ఉండి, తర్వాత చిన్న చిన్న ఊపిరితో కొత్త పాడే పద్ధతి కట్టుకున్న మనిషి. ఆయన లతా మంగేష్కర్ మీద ఒక వ్యాసం రాశాడు. జబ్బుతో ఉన్నప్పుడు రేడియోలో ఒక గొంతు వినపడి కదిలిపోయి, పాటయ్యాక పేరు విని ఆశ్చర్యపోవడంతో మొదలవుద్ది అది. అందులో ఆయన ఏ పాట ఏ రాగమో లెక్కలు కట్టలేదు. ఈవిడ వల్ల మామూలు జనం చెవి ఎలా మారిందో రాశాడు, వీధిలో పిల్లలు కూడా ఇదివరకటికంటే శ్రుతిలో కూనిరాగాలు తీస్తున్నారని. శాస్త్రీయ సంగీతం గుణం గాంభీర్యం అయితే సినిమా పాట గుణం వేగం, చలాకీదనం, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అనడం అర్థంలేని పని, రసం ఇచ్చిందా లేదా అన్నదే కొలత అన్నాడు. మూడున్నర నిమిషాల పాటలో మూడు గంటల మెహఫిల్‌కి సరిపోయే రసం ఉండొచ్చు అన్నాడు. పైగా శాస్త్రీయ గాయకులు శుద్ధత పేరుతో సంగీతం మీద పెత్తనం చేస్తున్నారని తన వాళ్లనే కడిగేశాడు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది ఆయన పెట్టిన వంకలు. లతా కరుణరసానికి న్యాయం చెయ్యలేదు, శృంగారమే ఆమెకి బాగా కుదురుతుంది అన్నాడు. ఎక్కువగా పై స్థాయిలో పాడటం గురించి కూడా అన్నాడు. ఒప్పుకుంటామా లేదా అన్నది తర్వాత సంగతి, నేనైతే మొదటిదానికి ఒప్పుకోను. కానీ చూడండి, తప్పు పట్టినా పాట లోపలికి వెళ్లి పట్టాడు. ఈ గాయని ఏం చెయ్యాలనుకుంది, అది అయిందా లేదా అని చూశాడు. హిందుస్తానీ కచేరీలో పాడే ఖయాల్ కొలబద్ద తెచ్చి పాట పక్కన పెట్టలేదు. మాళ్వా పల్లె పాటలు విని, వాటిల్లోంచి కొత్త రాగాలు తీసిన మనిషి కాబట్టి ఆ చెవి వచ్చిందేమో. జనం పాడుకునేదాన్ని ముందు వినాలి, తర్వాత పేరు పెట్టాలి అన్నది ఆయనకి అలవాటు.

మన తెలుగులో అంతటి మాట రాసిన విద్వాంసుడు నా కంటపడలేదు, కానీ పాడి చూపించినాయన ఉన్నారు. బాలమురళి. ఈయన గురించి సంప్రదాయం వాళ్లు ఎన్ని మాటలన్నారో, కొత్త రాగాలు కనిపెట్టడమేంటని ఎన్ని గొడవలయ్యాయో అదంతా ఇప్పుడు వద్దు. 1963లో నర్తనశాలకి 'సలలిత రాగ సుధారస సారం' పాడారు, 1967లో భక్త ప్రహ్లాదలో నారదుడిగా వేషమే కట్టారు, కన్నడంలో హంసగీతెకి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చింది, తర్వాత మేఘసందేశంలో 'పాడనా వాణి కల్యాణిగా'. వీటన్నిటిలో ఆయన విద్వాంసుడిగానే పాడారు, పాట అదే అడిగింది.

కానీ 1979లో గుప్పెడు మనసుకి ఎం.ఎస్. విశ్వనాథన్ దగ్గర పాడిన 'మౌనమే నీ భాష ఓ మూగమనసా' వినండి. మూడు స్థాయిల్లో తిరగ్గలిగే గొంతు, కావాలంటే ఆ పల్లవి మీద అరగంట నెరవల్, అంటే ఒకే లైనుని రకరకాలుగా అల్లుకుంటూ పాడటం, చెయ్యగల మనిషి, ఆ పాటలో ఎక్కడా చెయ్యి ఎత్తడు. ఒక సంగతి అదనంగా వెయ్యడు. మనసుని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు పాడి వెళ్లిపోతాడు. విద్వాంసుడికి ఇది ఎంత కష్టమో పాడేవాళ్లకే తెలుసు. కర్ణాటకంలో గాయకుడే రాజు, ఆ క్షణంలో ఏం పాడాలన్నది వాడి మనోధర్మం, కల్పన, వాడి ఇష్టం. సినిమాలో గాయకుడు ఇంకొకరి ఊహకి గొంతు ఇస్తాడు, రాజు మ్యూజిక్ డైరెక్టర్, ఆయన పైన డైరెక్టర్, ఆయన పైన సీను. నాకనిపించేది చాలామంది విద్వాంసులకి సినిమా పాటతో వచ్చే అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది, శుద్ధత గిద్దత అన్నవి పైకి చెప్పే కారణాలు. ఒకరు చెప్పినట్టు పాడటం తక్కువతనం అనుకుంటారు. కానీ ఒకరు చెప్పినట్టు పాడుతూ కూడా పాటని తనది చేసుకోవడం ఒక విద్య, దానికి కూడా సాధన కావాలి, సుశీల హల్లు పలికే తీరు వినండి, ఏ ఒత్తూ నలగదు, ఏ ఒత్తూ పొడుచుకురాదు, అలా పలుకుతూ భావం పెట్టడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఇంక శంకరాభరణం గురించి మాట్లాడకపోతే మీరే తిడతారు. 1980, విశ్వనాథ్, కె.వి. మహదేవన్. శాస్త్రీయ సంగీతం గొప్పదనం చాటిన సినిమా అని అందరూ అంటాం, రాత్రిపూట గోల చేసే కుర్రాళ్లకి శంకరశాస్త్రి బుద్ధి చెప్పే సీనుకి హాల్లో చప్పట్లు కొట్టని వాళ్లు లేరు. వాళ్ల పాట ఆయన స్వరాలతో సహా పాడేస్తాడు, ఆయన పాట వాళ్లకి రాదు. బాగుంది. కానీ ఆ శంకరశాస్త్రి గొంతు ఎవరిది? సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంది. దానికే ఆయనకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. శాస్త్రీయ సంగీతం పరువు నిలబెట్టమని జనంలోకి పంపడానికి చివరికి సినిమా గాయకుడే కావాల్సొచ్చింది అన్నమాట, ఈ తమాషా గురించి విద్వాంసులు పెద్దగా మాట్లాడరు. బాలు మాత్రం బతికినంతకాలం నాకు సంగీతం రాదు, నేర్చుకోలేదు అని స్టేజీ స్టేజీకీ చెప్పుకుంటూ వచ్చారు. ఆ వినయం ఆయన గొప్పతనం, కాదనను. కానీ అది విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో చివుక్కుమనేది, అన్ని భాషల్లో అన్ని వేల పాటలకి ప్రాణం పోసిన మనిషికి సంగీతం రాకపోవడమేంటి? సంగీతం అంటే ఒక్కటే అనే లెక్కని సినిమా వాళ్లు కూడా ఒప్పేసుకున్నారు, బాధంతా అదే.

ఒక్కచోట మాత్రం నేను విద్వాంసుల వైపే. సింధుభైరవి సినిమాలో ఇళయరాజా త్యాగరాజ స్వామి 'మరి మరి నిన్నే'ని కాంభోజిలోంచి తీసి సారమతిలో పెట్టారు. వినడానికి అద్భుతం, ఆ జానపదం పాట లోంచి కీర్తనలోకి వెళ్లే చోట ఒళ్లు జలదరిస్తుంది, అది చెయ్యడానికే రాగం మార్చారని కూడా అర్థమవుద్ది. అయినా అది వేరొకరి ఇల్లు. ఇవ్వాళ చాలామందికి ఆ కీర్తన అంటే సారమతే, కాంభోజిలో పాడితే "ఇదేంటి ట్యూన్ మార్చేశారు" అంటున్నారు. అప్పుడు విద్వాంసుడికి కడుపు మండితే నేను తప్పుపట్టను.

ఇప్పుడు కాలం మారిందిలెండి. ఉన్నికృష్ణన్ 'ఓ చెలియా నా ప్రియ సఖియా' పాడాడు, బాంబే జయశ్రీ 'మనోహరా' పాడింది, ఆవిడకే 2023కి మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు, ఎవరూ ముక్కు విరవలేదు. మాండొలిన్ శ్రీనివాస్ పాలకొల్లు నుంచి వచ్చి సినిమా ఆర్కెస్ట్రాల్లో మోగే వాయిద్యం మీద ఖరహరప్రియ రాగం వాయిస్తే మొదట్లో నొసలు చిట్లించినవాళ్లే తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. తిట్టడం బాగా తగ్గింది. సర్టిఫికెట్ ఇవ్వడం మాత్రం పెరిగింది. ఇప్పుడు వీడియోలు, రీల్స్ నిండా అదే, "ఈ హిట్ సాంగ్ ఏ రాగమో తెలుసా" అని, కింద కామెంట్లలో హంసధ్వని, కాదు నిరోష్ఠ అని కొట్టుకోవడం. ఆర్కెస్ట్రేషన్ గురించి, బేస్ గిటార్ ఎక్కడ ఆగింది, కోరస్ ఎందుకు అక్కడే వచ్చింది అని అడిగేవాళ్లు ఒక్కరు కనపడరు.

సంగీతం క్లాసుల్లో కూడా ఇప్పుడు చివరి పది నిమిషాలు సినిమా పాట నేర్పుతున్నారు, పేరెంట్స్ అడుగుతారు కాబట్టి. మంచిదే. అయితే అక్కడా రాగం కోసమే. 'మది శారదాదేవి మందిరమే' కల్యాణికి, 'లాహిరి లాహిరి లాహిరిలో' మోహనకి. లాహిరి సాలూరి రాజేశ్వరరావు కట్టిన ట్యూను, ఆయన మధ్యలో వెళ్లిపోతే ఘంటసాల పూర్తిచేశారు, పాడింది ఘంటసాల, లీల. మోహనే, సందేహం లేదు. కానీ ఆ పాటలో పడవ ఎందుకు తొందరపడదో, రెండు గొంతులు ఎక్కడ విడిపోయి ఎక్కడ కలుస్తాయో, పల్లవిలో "ఓహో" అన్నప్పుడు నది ఎందుకు వెడల్పయినట్టు అనిపిస్తుందో ఆ పిల్లల్ని ఒక్కసారి అడిగి చూడమనండి మేడమ్‌ల్ని. ఆరోహణ అవరోహణ తర్వాత రాయించుకోవచ్చు.